లైన్ పోయిందంటే ఏం పోయినట్టు?

ఒడిశాలోని బరంపురంలో కాపురం ఉంటున్న కూతురు ఇచ్ఛాపురంలోని తల్లికి ఫోన్ చేసి "పొద్దున్నుంచీ లైన్ లేదమ్మా" అందనుకోండి. "లైన్ లేకపోతే ఎలా మాట్లాడుతున్నావే?" అని ఆ తల్లి అడిగితే తప్పు పట్టలేం. కూతురు చెప్పింది కరెంటు సంగతి, తల్లి విన్నది ఫోను సంగతి. ఒడియాలో కరెంటు పోతే "లైన్ గలా" అంటారు. చుట్టూ ఒడియా, ఇంట్లో తెలుగు ఉండే గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఆ వాడుక తెలుగులోకి జారడం సహజమే. సరిహద్దుకు ఇవతల శ్రీకాకుళం జిల్లాలో కరెంటు పోతే కరెంటే పోతుంది. లైన్ పోయిందంటే ఫోను తెగినట్టు, లేదా గాలివానకు స్తంభాల మధ్య తీగ తెగి పడినట్టు.

ఇక్కడ ఇబ్బంది పెట్టింది తెలుగు మాట కాదు, ఒడియా మాట కూడా కాదు. ఇద్దరికీ బాగా తెలుసనుకున్న ఒక ఇంగ్లిషు మాట. రెండు భాషల సరిహద్దులో ఉండేవాళ్ళు అవతలి భాష మాట వినగానే కాస్త ఆగి అర్థం చేసుకుంటారు. ఒడియాలో "ధాడి" అంటే వరుస అనీ, "గార" అంటే గీత అనీ తెలియకపోతే అడిగి తెలుసుకుంటారు. "లైన్" అనే మాట దగ్గర ఎవరూ ఆగరు.

మహారాష్ట్ర వైపు వెళ్తే ఇదే కరెంటుకు మూడో పేరు ఉంది. మరాఠీలో కరెంటు పోతే "లైట్ గేలీ" అంటారు. తరాలుగా తెలుగు నేత కుటుంబాలున్న షోలాపూర్‌లో ఎవరైనా "లైట్ పోయింది" అంటే, హైదరాబాదు నుంచి వెళ్ళిన చుట్టం బల్బు మాడిపోయిందేమో అనుకుని కొత్తది తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది. కరెంట్, లైన్, లైట్ మూడూ ఇంగ్లిషు మాటలే. ఒక భాష తీగలో పారేదాని పేరు పట్టుకుంది, ఒకటి తీగ పేరు పట్టుకుంది, ఇంకొకటి తీగ చివర వెలిగేదాని పేరు పట్టుకుంది. ఇంగ్లిషువాళ్ళు మాత్రం ఈ సందర్భంలో ఎక్కువగా "పవర్" అంటారు.

ఒక మాటకు ఎన్నో అర్థాలుండటం వింతేమీ కాదు. అమరకోశంలో నానార్థాల కోసం ఒక వర్గమే కేటాయించారు. ఇంగ్లిషులో ఈ పోటీ ఎంతదాకా వెళ్ళిందో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చెబుతుంది. 1989లో వచ్చిన దాని రెండో ముద్రణలో "సెట్" అనే చిన్న మాటకు 430 దాకా అర్థాలు లెక్క తేలాయి. తర్వాత జరుగుతున్న సవరణలో "రన్" అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటిపోయింది. "లైన్" ఆ పందెంలో మొదటి స్థానానికి రాదు. కానీ ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళ జీవితంలో దానికున్నంత పని ఆ రెండు మాటలకీ లేదు.

దాని పుట్టుక బట్టల కొట్లో కూడా కనిపిస్తుంది. లాటిన్‌లో "లీనుమ్" అంటే అవిసె మొక్క. దాని నారతో పేనిన దారం "లీనియా". పాత ఇంగ్లిషులో తాడుకు వాడిన మాట, ఫ్రెంచి దారిన వచ్చిన మాట కలిసి ఇప్పటి "లైన్" అయింది. ఎండాకాలం వేసుకునే లినెన్ చొక్కా దీనికి దగ్గరి చుట్టమే. బిగించి పట్టుకున్న దారం తిన్నగా ఉంటుంది కాబట్టి తిన్నని గీత లైన్ అయింది. దారం మీద గుచ్చినట్టు ఒకరి వెనక ఒకరు నిలబడితే అదీ లైన్. ఒక చోటి నుంచి ఇంకో చోటికి సాగదీసిన తీగ లైన్, దారి లైన్, ఈ పొలాన్నీ ఆ పొలాన్నీ విడదీసేదీ లైన్. ఒక వంశంలో తరం వెంట తరం లైన్, మనిషి బతుకుతెరువుగా ఎంచుకున్న పని కూడా లైనే. ఎన్ని అర్థాలు పుట్టినా వెనక్కి లాగితే అన్నీ ఆ దారం దగ్గరికే చేరతాయి.

అన్ని నానార్థాలూ ఇలా ఒకే తల్లి పిల్లలు కావు. తెలుగులో "పట్టు" ఉంది. బరంపురానికి పేరు తెచ్చిన పట్టు చీరలోని పట్టు సంస్కృతపు "పట్టం" వైపు నుంచి వచ్చింది. చేత్తో పట్టుకునే పట్టు, పట్టుదలలోని పట్టు అచ్చంగా మన ద్రావిడ మాట. రాతలో ఒకేలా ఉన్నాయి కానీ రెంటికీ రక్తసంబంధం లేదు. "లైన్" సంగతి వేరు. అందుకే దాని అర్థాల మధ్య జారుడు కూడా ఎక్కువ. దగ్గరి చుట్టాలైన అర్థాలే ఒకదాని చోటులో ఒకటి వచ్చి కూర్చుంటాయి.

ఇంత కుటుంబమూ తెలుగులోకి రాలేదు. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది చూస్తేనే అసలు కథ తెలుస్తుంది. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలున్నాయి. చేపలు పట్టే గాలపు తాడు ఇంగ్లిషులో లైనే. వాళ్ళకు మాత్రం అది గాలమే. బట్టలు ఆరేసే తాడు ఇంగ్లిషులో లైన్, తెలుగులో దండెం. పద్యంలో లైన్ మనకు పాదం, అరచేతిలో లైన్ రేఖ, ముసలితనంలో మొహం మీది లైన్ ముడత. ఇంగ్లిషు రాకముందే మన దగ్గర ఉన్న వస్తువులకు మన పేర్లే నిలిచాయి.

వచ్చిన అర్థాలు ఒక్కొక్కటీ ఒక్కో ప్రభుత్వ శాఖ వెంట వచ్చాయి. మొదటి పెద్ద అర్థం రైలుది. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం 1893, 1896 మధ్య తెరుచుకుంది. అది ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా పోయింది. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ ఊరిదాకా రెండున్నర అడుగుల సన్నపట్టాల మీద సొంత రైలు నడిపించారు. తర్వాత అది గుణుపురం దాకా పెరిగింది. పట్టాలు వెడల్పు చేసే పనికి ఆగి, 2011లో బ్రాడ్‌గేజ్‌గా మళ్ళీ మొదలైంది. ఆ దారిలో నౌపడ, టెక్కలి, పాతపట్నం ఆంధ్రలో ఉన్నాయి. పర్లాకిమిడి, గుణుపురం ఒడిశాలో ఉన్నాయి. రైలు వేసిన రోజుల్లో ఇవన్నీ ఒకే మద్రాసు రాష్ట్రం. ఇక కొత్తవలస నుంచి అరకు, కొరాపుట్, జయపురం మీదుగా కిరండూల్ వెళ్ళేది కేకే లైన్. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960లలో వేసింది. ఈ ప్రాంతంలో "గుణుపురం లైన్", "కేకే లైన్", "మెయిన్ లైన్" అంటే పట్టాలు మాత్రమే కాదు. ఆ దిక్కున ఉన్న ఊళ్ళు, అక్కడి సంబంధాలు, అక్కడి వ్యాపారం అన్నీ కలిపి అనే మాట అది. "మాకు చుట్టాలంతా గుణుపురం లైన్‌లోనే" అంటే ఎవరూ పట్టాల పక్కన వెతకరు.

రైలు ఇంకో మాటను కూడా మనకిచ్చింది. ఒకే పట్టా ఉన్న చోట, ముందు స్టేషన్ మాస్టరు దారి ఖాళీగా ఉందని ఒప్పుకుంటే గానీ వెనక స్టేషన్ నుంచి బండి కదలకూడదు. ఆ ఒప్పుకోలు పేరు "లైన్ క్లియర్". రైల్వే రూల్సులో ఇప్పటికీ అదే మాట. పత్రికలు దాన్ని ఎత్తుకెళ్ళి ఎన్నికలకు పెట్టాయి. "ఫలానా అభ్యర్థికి లైన్ క్లియర్" అని శీర్షిక పెట్టే ఉపసంపాదకుడికి స్టేషన్ మాస్టరు గుర్తుండకపోవచ్చు. అయినా అర్థం చెడలేదు. అధిష్ఠానం సరే అనేదాకా బండి కదలదు.

రైలు తర్వాత తీగలు వచ్చాయి. టెలిగ్రాఫు, ఫోను, కరెంటు. ట్రంకాల్ రోజుల్లో "లైన్ దొరకలేదు" అనే మాట ఇప్పటి "సిగ్నల్ లేదు"తో సమానం. కరెంటు విషయానికొస్తే, ఈ సరిహద్దుకు ఉమ్మడి చిరునామా మాచ్‌ఖండ్. కొరాపుట్ జిల్లాలో ఉన్న ఆ జల విద్యుత్ కేంద్రం ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ఆస్తి. 1955లో మొదలైంది, సామర్థ్యం 120 మెగావాట్లు. ఒకే నీటి నుంచి పుట్టిన విద్యుత్తు కొండ దిగి రెండు రాష్ట్రాలకూ వెళ్ళింది. ఒకవైపు దాన్ని కరెంట్ అన్నారు, ఇంకోవైపు లైన్ అన్నారు. ఎందుకలా జరిగిందో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. సరఫరా ఆగినప్పుడు కనిపించే మనిషి లైన్‌మన్, వాడు ఎక్కేది లైన్, బాగుచేసేది లైన్. అలాంటప్పుడు పోయింది కూడా లైనే అనుకోవడంలో తర్కం ఉంది. తెలుగువాళ్ళు కరెంట్ అన్నా, బాగుచేసేవాణ్ణి కరెంట్‌మన్ అనకుండా లైన్‌మన్ అనే అన్నారు.

పోలీసుల బారకాసుల వరసలు లైన్లయ్యాయి. వీధులూ లైన్లయ్యాయి. గుంటూరు బ్రాడీపేటలో నాలుగో లైన్ అంటే వీధి. బరంపురం చిరునామాల్లోనూ నగర్ పేరు వెనక ఫస్ట్ లైన్, సెకండ్ లైన్ అనే తోకలు కనిపిస్తాయి. లారీల దగ్గర "లైన్ డ్రైవర్" అంటే దూరప్రాంతాలకు బండి తోలేవాడు. "వాడు లైన్ మీదున్నాడు" అంటే ఇంటికి రావడానికి రోజులు పడుతుంది.

మన దగ్గర ముందే పేరుంటే ఇంగ్లిషు మాట రాదన్న సూత్రం ఒక చోట తప్పుతుంది. క్యూలో నిలబడటానికి "లైన్" ఎందుకు వచ్చినట్టు? వరుస ఉంది, బారు ఉంది, పంక్తి ఉంది. కాస్త తరచి చూస్తే కారణం దొరుకుతుంది. పంక్తి భోజనాల దగ్గర ఉండిపోయింది. బారు పొడుగును చెబుతుంది, "బారులు తీరారు" అంటే ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది కానీ ఎవరి వంతు ఎప్పుడో తెలియదు. వరుసకు మన దగ్గర ఇంకా పెద్ద ఉద్యోగం ఉంది. "వరసకు బావ అవుతాడు" అన్నప్పుడు వరుస అంటే చుట్టరికం. ఇద్దరు తెలియనివాళ్ళు కలిసినప్పుడు వరస కలుపుతారు. అందులో ముందు వెనకలు వయసును బట్టీ, సంబంధాన్ని బట్టీ ఉంటాయి. రేషన్ షాపు దగ్గర, టికెట్ కౌంటర్ దగ్గర కావలసింది దానికి పూర్తిగా ఎదురు. మామగారైనా, మునసబుగారైనా ముందొచ్చినవాడే ముందు. ఆ పద్ధతికి ఊరి చరిత్రలో పేరు లేదు, ఎందుకంటే ఊరి చరిత్రలో ఆ పద్ధతే పెద్దగా లేదు. కొత్త పద్ధతి తన పేరు తానే తెచ్చుకుంది. వరుస కలపడం అంటే బంధుత్వం, లైన్ కలపడం అంటే ఫోను. ఈ రెంటినీ ఏ తెలుగువాడూ పొరబడడు. లైన్‌లో నిలబడ్డాక కూడా కౌంటర్ దగ్గరున్నవాడితో వరుస కలిపి ముందుకు జరగాలని చూసేవాళ్ళు మాత్రం ఎప్పుడూ ఉంటారు.

మాట అదే అయినా అర్థం విడదీసే పని తెలుగులో ఎక్కువగా క్రియ చేస్తుంది. లైన్ కడితే క్యూ, లైన్ లాగితే కరెంటు, లైన్ కలిస్తే ఫోను, లైన్ మారితే ఉద్యోగమో రైలు పట్టానో. "వేయడం" దగ్గర మాత్రం ఇరుకున పడతాం. రైల్వేవాళ్ళు లైన్ వేస్తారు, విద్యుత్ శాఖ లైన్ వేస్తుంది, కాలేజీ గేటు దగ్గర కుర్రాడూ లైన్ వేస్తాడు. ఈ చివరి అర్థం ఒడియాలోనూ ఉంది, హిందీలోనూ ఉంది. క్రియ మాత్రమే "కొట్టడం"గా మారుతుంది. కరెంటు దగ్గర కుదరని ఏకాభిప్రాయం ఇక్కడ కుదిరింది.

క్రియ కూడా తేల్చలేని వాక్యాలున్నాయి. "ఆయన లైన్‌లోకి వచ్చాడు" అన్న ఒక్క ముక్కను సందర్భం లేకుండా చదివితే అది ఫోన్‌లోకి రావడం కావచ్చు. క్యూలోకి రావడం, మొండికేసినవాడు దారికి రావడం, తండ్రి చేసిన వ్యాపారంలోకే కొడుకు దిగడం కూడా కావచ్చు. పార్టీ వ్యవహారాల్లో అయితే తిరుగుబాటు నాయకుడు అధిష్ఠానం చెప్పినట్టు వినడం. ఇలాంటి వాక్యాన్ని యంత్రంతో ఒడియాలోకి అనువదింపజేసేవాళ్ళు ముందు వెనకల రెండు వాక్యాలు కూడా ఇవ్వడం మంచిది.

మరి గీత అర్థం ఏమైంది? అదే కదా బడిలో "లైన్" అనగానే చెప్పే మొదటి అర్థం! విచిత్రంగా పెద్దల తెలుగులో అదే బలహీనంగా ఉంది. కాగితం మీద గీసేది గీత. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో రేఖ: దారిద్ర్య రేఖ, నియంత్రణ రేఖ, సరళ రేఖ. చూడబోతే తెలుగువాళ్ళు ఒక పంపకం చేసుకున్నట్టుంది. గీత, రేఖ అంటే గుర్తు. లైన్ అంటే దాని వెంట ఏదో కదలాలి: రైలో, కరెంటో, గొంతో, మనుషులో, కనీసం ఒక చూపో. ఈ పంపకానికి మినహాయింపులు లేకపోలేదు కానీ మొత్తం మీద ఇది నిలుస్తుంది.

ఆ మినహాయింపుల్లో పెద్దది హద్దు. పొలం గట్టు తగాదాలో ఆంధ్ర రైతు మీసేవకు వెళ్ళి "ఎఫ్‌లైన్ పెట్టించాలి" అంటాడు. సర్వేయరు వచ్చి పొలం హద్దులు కొలిచి చూపించాలని కోరే దరఖాస్తు అది. ఆ మాటను అలాగే మోసుకెళ్ళి పర్లాకిమిడి తహసీల్ ఆఫీసులో అడిగితే పని జరగదు, అక్కడ "డిమార్కేషన్" అనాలి. మహేంద్రతనయ నది దాటితే చాలు, శాఖ మారుతుంది, దానితో పాటు ఇంగ్లిషు కూడా మారుతుంది.

రెండు రాష్ట్రాల మధ్య హద్దు కూడా కాగితం మీద గీతగానే మొదలైంది. హద్దులు తేల్చడానికి వేసిన ఓడొన్నెల్ కమిటీ సిఫార్సుల తర్వాత, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. మద్రాసు రాష్ట్రంలోని గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అందులో కలిశాయి. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది, పట్నం ఒడిశాకు వెళ్ళింది. అక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేసి, కొండల్లోని సవరల మధ్య తిరిగి వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువులు రాసిన గిడుగు రామమూర్తి ఆ ఏడాదే ఊరు విడిచి రాజమండ్రి చేరారు. పుస్తకాల్లోని తెలుగు కాదు, నోట్లో ఉన్న తెలుగే రాయాలని జీవితమంతా వాదించిన మనిషి. లిపి లేని భాషను చెవితో విని, ఏ మాటను ఎవరు ఏ సందర్భంలో అన్నారో చూసి అర్థం రాసుకోవడం ఆయన పద్ధతి. "లైన్" లాంటి మాటను అర్థం చేసుకోవడానికీ వేరే దారి లేదు. ఇంగ్లిషు నిఘంటువు తెరిస్తే అక్కడ దొరికే అర్థాల్లో సగం మన దగ్గర చెల్లవు, మన దగ్గర చెల్లే వాటిలో కొన్ని అక్కడ దొరకవు.

గీత కాగితం మీద నుంచి నేల మీదికి సరిగా దిగని చోట్లు కూడా మిగిలాయి. సాలూరు, పొట్టంగి మధ్య కొటియా కొండల్లోని 21 గ్రామాలు ఎవరివన్న వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరపడంతో మళ్ళీ కోర్టు గుమ్మం తొక్కింది. ఆ ఊళ్ళలో చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. రోడ్డైనా, బడైనా, కరెంటైనా రెండు ప్రభుత్వాలూ పోటీపడి ఇస్తామంటాయి. హద్దు లైన్ తేలని చోటికి మిగతా లైన్లన్నీ రెండేసి చొప్పున వస్తున్నాయన్నమాట.

ఈ కుటుంబంలో చివరగా పుట్టినది "ఆన్‌లైన్". ఇంగ్లిషులో దానికి ఇంటర్నెట్‌కు తగులుకుని ఉండటం అని అర్థం. ఉత్తరాంధ్ర పల్లెల్లో దాని అర్థం చాలా ఇరుకు, చాలా బరువు. "మా భూమి ఇంకా ఆన్‌లైన్ కాలేదు" అంటే రెవెన్యూవాళ్ళ కంప్యూటర్ రికార్డులో ఆ సర్వే నంబరు ఎదురుగా తమ పేరు ఎక్కలేదని. పేరు ఎక్కకపోతే బ్యాంకు అప్పు రాదు, రైతు పథకాల డబ్బు పడదు, అమ్మబోతే కొనేవాడు వెనకాడతాడు. "ఆన్‌లైన్ చేయించడం" అనేది ఒక పని, దానికి తిరగడం, ఖర్చు, టెన్షన్ అన్నీ ఉంటాయి. ఈ అర్థాన్ని ఏ ఇంగ్లిషు నిఘంటువూ ఎక్కించుకోలేదు. ఆంధ్ర వైపు ఆ రికార్డు వెబ్‌ల్యాండ్‌లోనూ మీభూమిలోనూ ఉంటుంది, తెలుగులో. ఒడిశా వైపు భూలేఖ్‌లో ఉంటుంది, ఒడియాలో. పాతపట్నంలో కొంత, పర్లాకిమిడి వైపు కొంత పొలం ఉన్న ఇంట్లో "భూమి ఆన్‌లైన్ అయిందా?" అని అడిగితే జవాబు రాదు. ఏ పొలం అని అడుగుతారు, ఆ తర్వాత ఏ ఆన్‌లైన్ అని అడుగుతారు.